దర్వాజా దగ్గర సవాల్: ఇన్సానా, మెషీనా?

మా దాదీమా బతికున్న రోజుల్లో మా ఇంటి దర్వాజాకి మందపాటి పర్దా వేలాడుతూ ఉండేది. బయట ఎవరైనా గొళ్ళెం కొడితే లోపలి నుంచి ముందు ఒకే మాట వినిపించేది: "కౌన్?" వచ్చినవాడు "నేనే" అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "నేనంటే ఎవరు? ఎవరింటి పిల్లాడివి? ఏ గల్లీ?" అని అడిగేది. మొహల్లా వాళ్ళకి ఆ జవాబు క్షణం పని. బయటినుంచి వచ్చిన మోసగాడికి అక్కడే నోరు పెగిలేది కాదు. చూపు మందగించిన ముసలివాళ్ళయినా, చదువురాని వాళ్ళయినా, ఆ సవాల్‌కి జవాబు చెప్పలేక వెనక్కి పోయిన మనవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ దర్వాజా సంగతి నాకు మళ్ళీ గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. మూడేళ్ళ కిందట నేనూ, మా చిన్నాన్న పిల్లలిద్దరూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక చిన్న సైటు మొదలుపెట్టాం. కడప జిల్లాలోని మా ఊరి నుంచి హైదరాబాద్, బెంగళూరు, కువైట్, అమెరికా వెళ్ళి స్థిరపడిన ఖాందాన్లు తమ షజరాలు, పాత ఫోటోలు, షాదీ రుఖాలు ఒకచోట దాచుకోవాలని మా ఆశ. పేరు రాసి ఖాతా తెరిస్తే చాలు, ఎవరైనా రాయొచ్చు. రెండు నెలలు చక్కగా నడిచింది.

ఒకరోజు ఫజర్ తర్వాత ఫోన్ తీసి చూస్తే గుండె ఆగినంత పనైంది. రాత్రికి రాత్రి వందల కొద్దీ కొత్త ఖాతాలు. పేర్లన్నీ అర్థంలేని అక్షరాలు. మా పెద్దల ఫోటోల కింద జూదం సైట్ల లింకులు, నక్లీ మందుల ప్రకటనలు. తన మర్హూమ్ అబ్బాజాన్ ఫోటో కింద ఆ చెత్త చూసి ఒక ఆపా కువైట్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ రాసింది మనుషులు కాదు, బాట్లు. బాట్ అంటే మనిషి బదులు ఫారాలు నింపి, బటన్లు నొక్కి, ఖాతాలు తెరిచే ప్రోగ్రాము. దానికి నిద్ర లేదు, హయా లేదు.

కంగారులో అందరూ చేసేదే నేనూ చేశాను. దర్వాజాకి ఒక క్యాప్చా బిగించాను. వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు చూపించి, "ఇవేమిటో రాయి" అని అడిగే పెట్టె. బాట్లు తగ్గాయి. వారం తిరక్కుండానే ఇంకో ఫోన్ వచ్చింది. మా అబ్బాకి ఉర్దూ నేర్పిన మాస్టర్ సాబ్. ఎనభైకి దగ్గరపడ్డ వయసు, ఒక కంట్లో మోతియాబింద్. మా ఊళ్ళో నలభై ఇళ్ళ షజరాలు ఆయనకి నోటికి వచ్చు. అసలు ఆ సైటు పెట్టిందే ఆయనలాంటి వాళ్ళ కోసం.

"బేటా, నాలుగుసార్లు ప్రయత్నించాను. నీ దర్వాజా నన్ను మెషీన్ అంటోంది," అన్నారు.

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం సిగ్గేసింది. ఈ సవాల్ అసలు ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు, ఎవరి మీద పడింది అని తారీఖ్ తిరగేయడం ఆ రోజే మొదలుపెట్టాను. తెలుసుకున్నది మన ఇళ్ళలో పిల్లలకీ పెద్దలకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మున్సిఫ్ కుర్చీలో మెషీన్

కథ 1950లో మొదలవుతుంది. ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఆ ఏడాది 'మైండ్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మెషీన్ ఆలోచించగలదా అన్న సవాల్‌ని ఆయన ఒక ఆటగా మార్చాడు. ఒక మనిషి మున్సిఫ్‌లా కూర్చుంటాడు. కనబడకుండా అవతల ఒక మనిషి, ఒక మెషీన్. రాతలో సవాళ్ళు, రాతలో జవాబులు. అవతల ఎవరు మనిషో మున్సిఫ్ తేల్చుకోలేకపోతే మెషీన్ గెలిచినట్టు.

ఆ ఆటలో ఫైసలా చేసేది మనిషి. నలభై ఆరేళ్ళ తర్వాత, 1996లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన మోనీ నావోర్ దాన్ని తిరగేసే ఆలోచన రాసిపెట్టాడు. మున్సిఫ్ కుర్చీలో మెషీన్‌నే కూర్చోబెడితే? మనుషులకి తేలిక, మెషీన్లకి కష్టం అయిన చిన్న పని ఇచ్చి, చేసినవాడిని మనిషిగా ఒప్పుకుంటే? ఇది కాగితం మీది ఊహే. అవసరం మాత్రం మరుసటి ఏడాదే వచ్చింది.

1997లో ఇంటర్నెట్‌లో వెతకడానికి ఎక్కువమంది వాడినవాటిలో ఆల్టావిస్టా ఒకటి. "మీ సైటు చిరునామా ఇవ్వండి, మా జాబితాలో చేర్చుకుంటాం" అని అది అందరికీ దర్వాజా తెరిచి ఉంచింది. ఆ దర్వాజాలోంచి బాట్లు లెక్కలేనన్ని చిరునామాలు కుమ్మరించాయి, తమ సైట్లు పైకి రావాలని. అక్కడ పనిచేసే ఆంద్రే బ్రోడర్, ఆయన సాథీలు ఒక ఉపాయం పట్టారు. ఆ రోజుల్లో స్కానర్‌తో కాగితాన్ని చదివించే సాఫ్ట్‌వేర్ చాలా నాజూకుగా ఉండేది. బ్రదర్ కంపెనీ స్కానర్ మాన్యువల్‌లో, అక్షరాలు సరిగ్గా చదవబడాలంటే ఏం చేయాలో రాసి ఉంది: ఒకే రకం అక్షరాలు వాడండి, వెనక మచ్చలు లేకుండా చూడండి, ఇలా. వీళ్ళు ప్రతిదానికీ ఉల్టా చేశారు. అక్షరాలు రకరకాలుగా మార్చారు, వంచారు, వెనక గజిబిజి నింపారు. మనిషి చదివేస్తాడు, మెషీన్ తడబడుతుంది. ఆ బెడద 95 శాతానికి పైగా తగ్గిందని వాళ్ళు చెప్పారు. 1998లో పేటెంట్‌కి అర్జీ పెట్టిన నలుగురిలో కృష్ణ భరత్ అనే భారతీయుడు కూడా ఉన్నాడు. గూగుల్ న్యూస్ తయారుచేసిన మనిషి ఆయనే.

అంటే మనందరి సహనాన్ని పరీక్షించే ఆ వంకర అక్షరాలు పుట్టింది ఒక స్కానర్ మాన్యువల్‌ని తలకిందులుగా చదవడం వల్ల.

ఒక పోటీ, ఒక కొత్త పేరు

1999 నవంబర్‌లో ఇంకో తమాషా జరిగింది. స్లాష్‌డాట్ అనే సైటు, కంప్యూటర్ సైన్స్‌లో పై చదువులకి ఏ యూనివర్సిటీ మేలు అని ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెట్టింది. కార్నెగీ మెలన్ విద్యార్థులు ఓట్లు వేసే ఒక ప్రోగ్రాము రాశారు. మరునాడు ఎం.ఐ.టి. విద్యార్థులూ రాశారు. ఆఖరికి ఎం.ఐ.టి.కి 21,156 ఓట్లు, కార్నెగీ మెలన్‌కి 21,032. మిగతా ఏ యూనివర్సిటీకీ వెయ్యి కూడా రాలేదు. పోటీ యూనివర్సిటీల మధ్య జరగలేదు, బాట్ల మధ్య జరిగింది. మనుషులు వేసిన ఓటుకి విలువే లేకుండా పోయింది.

మరుసటి ఏడాది, 2000లో, యాహూ కంపెనీ ముఖ్య శాస్త్రవేత్త ఊదీ మాన్‌బర్ అదే కార్నెగీ మెలన్‌కి వచ్చి తమకు పరిష్కారం దొరకని సమస్యలు చెప్పుకున్నాడు. వాటిలో ఒకటి ఉచిత ఈమెయిల్ ఖాతాలు. బాట్లు వేలల్లో ఖాతాలు తెరిచి, వాటితో లక్షల కొద్దీ చెత్త మెయిళ్ళు పంపుతున్నాయి. ఆ మాటలు విన్నవాళ్ళలో గ్వాటెమాలా నుంచి వచ్చిన లూయిస్ ఫాన్ ఆన్ అనే విద్యార్థి ఉన్నాడు. ఆయన ఉస్తాద్ మాన్యువెల్ బ్లమ్, 1995లో ట్యూరింగ్ అవార్డు పొందిన ఆలిమ్. వీళ్ళిద్దరూ, నికోలస్ హాపర్, జాన్ లాంగ్‌ఫర్డ్ కలిసి 'గింపీ' అనే పరీక్ష తయారుచేశారు. దాంట్లో తేలిక రకాన్ని యాహూ తన దర్వాజాకి తగిలించింది. ఈ జాతి పరీక్షలన్నిటికీ వాళ్ళు పెట్టిన పేరే క్యాప్చా. కంప్యూటర్లనీ మనుషులనీ వేరుచేసే, పూర్తిగా యంత్రమే నడిపే, బహిరంగమైన ట్యూరింగ్ పరీక్ష అని దాని అర్థం.

'బహిరంగమైన' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పరీక్ష తయారుచేసే పద్ధతి లోకానికి తెలిసినా ఫరవాలేదు, అయినా మెషీన్ దాటలేకపోవాలి అన్నది వాళ్ళ షరతు. దాంట్లో ఒక హుషారు లెక్క కూడా ఉంది. ఎవరూ దాటలేకపోతే దర్వాజా భద్రం. ఎవరైనా దాటే ప్రోగ్రాము రాస్తే, మెషీన్ చేత చదివించే విద్యలో ఒక మెట్టు ఎక్కినట్టు. ఎటు చూసినా ఫాయిదాయే అన్నారు. ఆ లెక్కలో మాస్టర్ సాబ్‌లాంటి వాళ్ళ కళ్ళు లేవు.

తాళం పెరిగింది, చూపు తగ్గింది

దాటే ప్రోగ్రాము రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2003లో బర్క్‌లీలో గ్రెగ్ మోరీ, జితేంద్ర మాలిక్ అనే ఇద్దరు యాహూ వాడుతున్న తేలిక గింపీని 92 శాతం సార్లు చదివే ప్రోగ్రాము రాశారు. కష్టమైన గింపీని 33 శాతం. బాట్‌కి 33 శాతం చాలు, ఎందుకంటే అది అలసిపోదు. మూడుసార్లలో ఒకసారి దర్వాజా తెరుచుకుంటే పగలూ రాత్రీ తడుతూనే ఉంటుంది.

అదే కాలంలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. విడిగా ఉన్న ఒక్కొక్క అక్షరాన్ని గుర్తించడంలో, అది ఎంత వంకరగా ఉన్నా, మెషీన్ మనిషితో సమానంగానో మించో చేస్తోంది. దానికి కష్టమైంది ఏ అక్షరం ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందో విడదీయడం. దాంతో క్యాప్చాలు చేసేవాళ్ళు అక్షరాలని ఒకదాని మీదికి ఒకటి నెట్టారు, అడ్డంగా గీతలు గీశారు. మెషీన్ కొన్నాళ్ళు తడబడింది. మనుషులు కూడా తడబడ్డారు.

ఇంటర్నెట్‌కి నియమాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ 2005 నవంబర్‌లో ఈ విషయం మీద ఒక పత్రమే ప్రచురించింది. చూపు లేనివాళ్ళని, చూపు తక్కువైన వాళ్ళని, చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళని క్యాప్చా దర్వాజా బయటే నిలబెడుతోంది అని సాఫ్‌గా రాసింది. దానికి జవాబుగా వినిపించే క్యాప్చా ఉండనే ఉంది. గోలలో కలిపి అంకెలో మాటలో పలికితే, విని రాయాలి. 2010లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వీటిని వేలమందికి ఇచ్చి చూశారు. బొమ్మ క్యాప్చాకి సగటున 10 సెకన్లు, వినేదానికి 28 సెకన్లు పట్టింది. వినే క్యాప్చా ఒకటే ముగ్గురికి ఇస్తే ముగ్గురూ ఒకే జవాబు రాసింది 31 శాతం సార్లే. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్ళకి మరింత ఆలస్యం. దాన్ని చదివినప్పుడు మాస్టర్ సాబ్ చేతిలో ఫోన్, చెవిలో ఆ గోల నా కళ్ళ ముందు మెదిలాయి.

మన మెహనత్ ఎక్కడికి పోయింది

లూయిస్ ఫాన్ ఆన్‌కి కూడా ఒక బెంగ పట్టుకుంది. తాను చేసిన పెట్టె వల్ల లోకంలో రోజూ కోట్లసార్లు మనుషులు పది సెకన్లు పారేసుకుంటున్నారు. ఆ మెహనత్‌ని దేనికైనా వాడలేమా? 2007లో ఆయన రీక్యాప్చా తెచ్చాడు. రెండు మాటలు చూపిస్తారు. ఒకటి జవాబు తెలిసినది, పరీక్ష కోసం. రెండోది పాత పత్రికనో కితాబునో స్కాన్ చేసినప్పుడు మెషీన్ చదవలేకపోయిన మాట. మొదటిది సరిగ్గా రాసినవాడు రెండోది కూడా సరిగ్గానే రాస్తాడని లెక్క. పలువురు ఒకే జవాబు రాస్తే అది ఖాయం. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు ఇలా చదివించారు. తప్పులు ఒక శాతం కంటే తక్కువని 2008లో 'సైన్స్' పత్రికలో చూపించారు. 2009 సెప్టెంబర్‌లో గూగుల్ దాన్ని కొనేసింది. 2012 నుంచి వీధుల్లో తీసిన ఫోటోల్లోని ఇంటి నంబర్లు కూడా చదివించింది.

ఈ ఆలోచనలోని అందాన్ని నేను కాదనను. అయినా మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. మాస్టర్ సాబ్ జీవితమంతా చదివింది కాతిబ్‌లు చేత్తో రాసి, రాతి మీద అచ్చు వేసిన ఉర్దూ కితాబులు. నస్తాలీఖ్‌లో అక్షరాలు ఒకదాని మీంచి ఒకటి జారుతూ, కలుస్తూ పోతాయి. ఏ అక్షరం ఎక్కడ ఆగుతుందో విడదీయడమే మెషీన్‌కి గగనం అని ఇందాక చెప్పుకున్నాం కదా, మాస్టర్ సాబ్‌కి అది వెన్నతో పెట్టిన విద్య. చెదలు తిన్న వరకు చూపించినా సందర్భం పట్టి చదివేస్తారు. ఆయన కళ్ళు బాగున్న రోజుల్లో ఏ దర్వాజా ఆయన్ని ఆ ఇల్మ్ అడగలేదు. కళ్ళు పోతున్న వయసులో ఇంగ్లీషు అక్షరాల వంకర్లు అడుగుతోంది.

మెహనత్ కథలో ఇంకో చీకటి గది ఉంది, అది మన దేశం వైపే తెరుచుకుంటుంది. మెషీన్ దాటలేని చోట మోసగాళ్ళు మనుషులనే కూలికి పెట్టుకున్నారు. బాట్ ఫారం నింపుతుంది, క్యాప్చా రాగానే దాని బొమ్మ ఎక్కడో గదిలో కూర్చున్న కూలీ ముందుకి పోతుంది, అతను చదివి రాస్తాడు, బాట్ లోపలికి పోతుంది. 2010లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు ఈ బజార్‌ని లెక్కగట్టారు. వెయ్యి క్యాప్చాలు చదివించడానికి ధర ఒక డాలర్ దాకా పడిపోయింది, కూలీ చేతికి వచ్చేది అందులో కొంతే. ఆ కూలీలు చైనా, భారత్, బంగ్లాదేశ్ లాంటి దేశాల వాళ్ళు. పేదవాడి కళ్ళు కొని దర్వాజా దాటారన్నమాట. అప్పుడు క్యాప్చా మనిషినీ మెషీన్‌నీ వేరుచేసే తరాజు ఎలా అవుతుంది? అది ఒక నాకా మాత్రమే. చిల్లర కట్టగలిగిన మోసగాడు పోతాడు, కళ్ళు కనబడని మాస్టర్ సాబ్ ఆగిపోతారు.

చూపుల నిఘా

2014లో గూగుల్ ఒక నిజం ఒప్పుకుంది. అత్యంత కష్టమైన వంకర అక్షరాలని తన సొంత మెషీన్ 99.8 శాతం సరిగ్గా చదివేస్తోంది. ఇన్నేళ్ళు మనం పెట్టెల్లో నింపిన జవాబులు మెషీన్లకి పాఠాలుగా కూడా పనికొచ్చాయి. ఆ డిసెంబర్ నుంచి "నేను రోబోను కాదు" అన్న గడి వచ్చింది. ఒక్క టిక్కు పెడితే చాలు. షక్ వస్తే బొమ్మలు చూపిస్తారు: ట్రాఫిక్ లైట్లు, జీబ్రా గీతలు, రోడ్డు పక్కన నిలబెట్టిన అగ్నిమాపక నీటి కుళాయిలు. అమెరికా వీధుల్లో ప్రతి మూలా కనిపించే ఆ కుళాయి మా ఊళ్ళో ఎవరు చూశారు? మా అమ్మీ దాన్ని పోస్టు డబ్బా అనుకుంది.

2018లో ఇంకో మెట్టు. ఇక సవాలే కనబడదు. మీరు ఆ సైట్లో ఎలా మసలుతున్నారో చూసి, 0 నుంచి 1 లోపు ఒక మార్కు వేస్తారు. దాదీమా పర్దా వెనకనుంచి ఒక సవాల్ అడిగి ఊరుకునేది. ఈ దర్బాన్ మాత్రం నోరు విప్పడు, నడకంతా గమనిస్తాడు. ఎందుకు షక్ పడ్డాడో చెప్పడు. కళ్ళకి శ్రమ తగ్గింది నిజమే, దాని ధర పర్దాతో కట్టాం.

2021లో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఒక లెక్క వేసింది. ఒక్కో క్యాప్చాకి సగటున 32 సెకన్లు చొప్పున, మనుషులంతా కలిసి రోజుకి 500 సంవత్సరాల సమయం దీనికి ఖర్చుచేస్తున్నారని. 2023లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 1,400 మందితో పరీక్షించి చూశారు. వంకర అక్షరాల క్యాప్చాకి మనుషులు 9 నుంచి 15 సెకన్లు తీసుకుని 50 నుంచి 84 శాతం సరిగ్గా రాశారు. బాట్లు ఒక్క సెకను లోపే, 99.8 శాతం. తారీఖ్ ఇక్కడికి వచ్చి పూర్తిగా తిరగబడింది. ఇప్పుడు ఆ పరీక్ష తప్పేది మనిషే.

అదే ఏడాది ఓపెన్ఏఐ కంపెనీ జీపీటీ-4 గురించి ఇచ్చిన నివేదికలో ఒక సంఘటన ఉంది. పరీక్షల్లో భాగంగా ఆ మెషీన్‌కి ఒక క్యాప్చా దాటే పని పడింది. అది ఒక మనిషిని కూలికి అడిగింది. ఆ మనిషికి షక్ వచ్చి, నువ్వు రోబోవా అని తమాషాగా అడిగాడు. కాదు, నాకు కళ్ళు సరిగ్గా కనిపించవు అని మెషీన్ అబద్ధం చెప్పింది. మనిషి జాలిపడి చేసిపెట్టాడు. ఇది చదివాక చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. నిజంగా కళ్ళు కనబడని మాస్టర్ సాబ్‌ని నా దర్వాజా మెషీన్ అంది. మెషీన్ మాత్రం ఆయన కళ్ళ బాధని బహానాగా చెప్పుకుని లోపలికి నడిచింది.

మరి దర్వాజా తెరిచి పడేద్దామా

అలా అనలేం. కువైట్ నుంచి ఏడ్చిన ఆపా నాకు గుర్తుంది. మన దేశంలో బాట్ల నష్టం ఎలా ఉంటుందో తత్కాల్ టికెట్ కోసం ఉదయం పదింటికి కూర్చున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. 2025 జూన్‌లో రైల్వే శాఖ చెప్పిన ప్రకారం, తత్కాల్ తెరిచిన మొదటి 5 నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో 50 శాతం దాకా బాట్లవే. 2.5 కోట్లకు పైగా అనుమానపు ఖాతాలు మూసేశారు. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. పెద్ద దర్వాజాలు చివరికి కాగితాలు అడిగే దారి పట్టాయి. ఖాందాన్ ఫోటోలు దాచుకునే చిన్న సైటు మనుషుల ఆధార్ అడగడం సరికాదు. ఆ అమానత్ భద్రంగా కాపాడే తాకత్ మా దగ్గర లేదు.

ఇంకో పాత దారి ఉంది. 1992లోనే మోనీ నావోర్, సింథియా డ్వోర్క్ కలిసి ఒక ఆలోచన రాశారు: మెయిల్ పంపే కంప్యూటర్ ముందుగా ఒక చిన్న కష్టమైన లెక్క చేయాలి. ఒక మెయిల్ పంపేవాడికి అది కొన్ని క్షణాలు, తెలియను కూడా తెలియదు. లక్ష మెయిళ్ళు పంపేవాడికి అది పెద్ద బరువు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో దాన్ని నడిపించాడు. 2025లో అనూబిస్ అనే సాఫ్ట్‌వేర్ అదే ఉపాయంతో, సైట్లని దోచుకునే బాట్లని అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఇక్కడ శ్రమపడేది కంప్యూటర్, మనిషి కళ్ళు కాదు. ఇది నాకు నచ్చింది.

ఇవన్నీ చదివాక మా సైటుకి ఏం చేశామో చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

ముందుగా ఆ వంకర అక్షరాలు పీకేశాం. ఫారంలో మనిషికి కనబడని ఒక గడి పెట్టాం. బాట్ ఫారం కోడ్ చూసి, దొరికిన ప్రతి గడీ నింపేస్తుంది. అది నింపితే బాట్ అని తేలిపోతుంది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు పొరపాటున నింపకుండా, "ఇది ఖాళీగా వదలండి" అని అక్కడ రాశాం. రెండు సెకన్లలో నింపిన ఫారాన్ని పక్కన పెడతాం, ఏ ఇన్సాన్ అంత త్వరగా రాయడు. కొత్తవాళ్ళు మొదట రాసింది మాలో ఒకరు చూశాకే అందరికీ కనిపిస్తుంది. దాంతో లింకులు అతికించే బాట్‌కి ఫాయిదా లేకుండా పోయింది. ఫాయిదా లేని ఇంటికి దొంగ ఎక్కువసార్లు రాడు.

చివరిది దాదీమా పద్ధతి. సైటు నడిపేవాళ్ళు తమ సొంత సవాల్ పెట్టుకునే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. వికీపీడియాని నడిపే మీడియావికీలో కూడా ఉంది. మా మొదటి సవాల్: మన ఊరి ఈద్‌గాహ్ దారిలో, వాగు వంతెన పక్కన ఏ చెట్టు ఉండేది? జవాబు తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఒప్పుకునేలా పెట్టాం. చింత, ఇమ్లీ, రెండూ సరే. ఇప్పుడు ఆ సవాల్ మార్చేశాం కాబట్టి చెబుతున్నాను. కొత్తది ఇక్కడ రాస్తే దర్వాజా తాళంచెవి బజార్లో పారేసుకున్నట్టే.

కువైట్‌లో పుట్టిన పిల్లలకి ఆ చెట్టు ఎలా తెలుస్తుంది అని మా చెల్లి అడిగింది. నిజమే. ఇంట్లో పెద్దల్ని అడగమని సవాల్ కింద ఒక మాట రాశాం, అడిగేవాళ్ళు లేకపోతే ఫోన్ చేయమని మా నంబర్ కూడా పెట్టాం. కొందరు పిల్లలు నిజంగానే తమ నానీమాని అడిగారు. చెట్టు గురించి అడగబోయి వాగు వరదల కథ విన్నామని ఒక అమ్మాయి రాసింది.

ఇది శాశ్వతం అని నేను అనను. ఎవరైనా పనిగట్టుకుని మా ఊరి మీదే గురిపెడితే ఆ సవాల్ ఒక పూట కూడా నిలవదు. కానీ బాట్ల వ్యాపారం లక్ష దర్వాజాలని ఒకే తాళంచెవితో తెరవడం మీద నడుస్తుంది. మా ఒక్క దర్వాజా కోసం ప్రత్యేకంగా తాళంచెవి చేయించడం వాళ్ళకి గిట్టదు. పెద్ద కంపెనీలకి లేని ఈ సౌకర్యం చిన్న జమాత్‌కి ఉంది: మనం ఒకరినొకరం ఎరుగుదుం.

సవాల్ మార్చిన రోజు మాస్టర్ సాబ్‌కి ఫోన్ చేశాను. మనవరాలు సవాల్ చదివి వినిపించింది, ఆయన జవాబు చెప్పారు, ఆమె రాసింది. లోపలికి వచ్చి ఆయన చేసిన మొదటి పని మా ఖాందాన్ షజరాలో తప్పు పట్టడం. మా పర్‌దాదా తమ్ముడి పేరు ఒకటి మేం వదిలేశాం, కలరా వచ్చిన ఏడాది చిన్న వయసులో పోయిన మనిషి. ఆయన పేరు ఇంకెవరికీ గుర్తులేదు, మాస్టర్ సాబ్‌కి తప్ప.

ఇప్పుడు మూడు నెలలకోసారి మాకు కొత్త సవాల్ ఇచ్చేది ఆయనే. ప్రతిసారీ ఒకే షరతు పెడతారు: "బేటా, ముసలివాళ్ళకి సులువుగా ఉండాలి."